ఏడుగురు మనుషులు, నాలుగు పెట్టెలు

జూన్ 18

అల్లుడికి,

అత్త రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అమ్మాయి కూడా బాగుంది. ఆదివారం బస్సెక్కి వెళ్ళి చూసొచ్చాను. రొయ్యల ఫ్యాక్టరీలో దాన్ని తూకం దగ్గరనుంచి ప్యాకింగుకి మార్చారట. రోజంతా చలిగదిలో నిలబడాలి. స్వెట్టరు కొనుక్కోవే అంటే, ఫ్యాక్టరీవాళ్ళే ఇస్తారంది. ఇచ్చేదాకా ముక్కు చీదుకుంటూ రొయ్యలు సర్దుతుందన్నమాట.

ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నీ ఫోను నువ్వొక్కడివే వినవు, పడవంతా వింటుంది. పోయినసారి అమ్మాయి నీతో ఏదో గుసగుసగా చెబుతుంటే వెనకనుంచి ఎవరో "వదినా, కాస్త గట్టిగా చెప్పు, ఇంజను చప్పుడు" అన్నాడట. అది వారం రోజులు ఫోను ముట్టుకోలేదు.

సంగతేమిటంటే, నేను ఉద్యోగంలో చేరాను. మన రేవులో ఐసు గోడౌను పక్కన ఆరోగ్య కేంద్రం తెరిచారు. చూపు మందగించి వలలు కుట్టే పని మానేశాక ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. పడవల మీద పనిచేసేవాళ్ళకి హెచ్‌ఐవి రాకుండా చూడటం మా పని. వీళ్ళు నెలల తరబడి ఇంటికి దూరంగా ఉంటారు, చేతిలో జీతం పడ్డ రోజే ఒడ్డుకొస్తారు, ప్రతి రేవులోనూ తాగడానికో కొట్టు, ఆ కొట్టు వెనకాల ఓ సందు ఉంటాయి అని మా మేడమ్ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. ఆవిడ గీయకపోయినా నాకు తెలుసు. ముప్పయ్యేళ్ళు రేవులో బతికినదాన్ని.

ట్రైనింగు మొదటిరోజున మా పన్నెండుమంది ఆడవాళ్ళ చేతా కండోమ్ అనే మాట పైకి ఇరవైసార్లు అనిపించారు. సిగ్గు పోవాలట. నాకు ఆరోసారికి పోయింది. నా పక్కనావిడకి ఇరవై అయినా పోలేదు. ఆవిడకి రికార్డులు రాసే పని ఇచ్చారు.

చేపల లారీ డ్రైవరు చేతికి ఒక పెట్టె ఇస్తున్నాను. అందులో కండోములు వంద ఉన్నాయి. మన రేవు పడవ ఏ రేవులో ఉండి వేటాడుతున్నా అది మా లెక్కలోదేనట. మీ పడవలో తిన్నగా రాయడం వచ్చినవాడివి నువ్వొక్కడివే కాబట్టి అందరికీ పంచి, ఫారం నింపి పంపించు. అత్త అల్లుడికి పంపాల్సిన వస్తువు కాదని నాకూ తెలుసు. పంపింది అత్త కాదు, ఆరోగ్య కేంద్రం అనుకో.

అమ్మాయిని డాక్టరమ్మ మళ్ళీ చూసింది. అంతా బాగానే ఉంది, ఇక ఆయన ఊళ్ళో ఉంటే చాలు అని నవ్విందట. పెళ్ళయి నాలుగేళ్ళయింది. ఫిబ్రవరిలో వెళ్ళినవాడివి. సెప్టెంబరులో వస్తానన్న మాట మరిచిపోకు.

ఉంటాను, లారీ హారన్ కొడుతున్నాడు.
అత్త


జూన్ 29

అత్తగారికి నమస్కారాలు.

మీరు పంపిన పెట్టె అందింది. మీకు ఉద్యోగం వచ్చినందుకు చాలా సంతోషం. మీకు కాకపోతే ఇంకెవరికి రావాలి. అమ్మాయి స్వెట్టరు సంగతి నేను కూడా ఫోనులో గట్టిగా చెబుతాను.

ఇక మీరు పంపిన సామాను గురించి. అత్తగారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియడం లేదు. మంచి సమయానికి పంపారు. పెట్టె రెండు రోజుల్లో ఖాళీ అయిపోయింది. మా సరంగు, అదే పడవ నడిపే పెద్దాయన, మొదట ఇదేం గోలరా అన్నాడు. తర్వాత ఆయనే డజను పక్కకి తీసి పెట్టుకున్నాడు. ఈ వయసులో ఆయన కష్టాలు ఆయనవి. వంటవాడు కొంచెం పెద్ద సైజు ఉంటే పంపమన్నాడు. మొహమాటపడుతూనే అడిగాడు, పాపం.

నాకైతే మామూలు రోజుల్లో రెండు చాలు. వానరోజుల్లో నాలుగు కావాలి. అసలు అవసరమంతా నడిసముద్రంలోనే. ఒడ్డుకి వచ్చాక వాటితో పెద్దగా పని ఉండదు. మొన్న గాలివాన పట్టుకున్న రోజున ఏడుగురం కలిసి ముప్పై వాడాం. అవే లేకపోతే ఆ రోజు మా గతి ఏమయ్యేదో. సరంగు మీ పేరు చెప్పుకుని దణ్ణం పెట్టాడు.

దయచేసి ఇంకో మూడు పెట్టెలు పంపండి. ఫారం నింపి దీనితోపాటు పంపుతున్నాను. అమ్మాయికి కూడా చెప్పండి, వాళ్ళమ్మ వల్ల మాకెంత మేలు జరిగిందో విని సంతోషిస్తుంది.

మీ అల్లుడు


జూలై 6

గౌరవనీయులైన అల్లుడుగారికి,

మీ ఉత్తరం అందినది. ఫారం అందినది. మూడు పెట్టెలు ఇదే లారీలో పంపుతున్నాను. పెద్ద సైజు మా దగ్గర లేదు. వంటాయనకి విచారం తెలియజేయండి.

మీ ఫారం మా మేడమ్ మీటింగులో అందరికీ చదివి వినిపించింది. ఏడుగురు మనుషులు, రెండు రోజులు, వంద. నలభై పడవల్లో మీదే మొదటి స్థానం. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పడవలో ఉన్నది మా అల్లుడుగారేనని ఎవరో అన్నారు. అప్పుడు నా వైపు తిరిగి మళ్ళీ కొట్టారు. లేచి నిలబడి దణ్ణం పెట్టి కూర్చున్నాను. ఇంకేం చెయ్యను. మీ పడవకి షీల్డు ఇస్తారట.

అవసరమంతా నడిసముద్రంలోనే అని రాశారు. అక్కడ ఎవరున్నారని నేను అడగను. మీరు ఏడుగురూ మగవాళ్ళేనని మాత్రం నాకు తెలుసు. ఈ సంగతి ట్రైనింగులో చెప్పారు. మగవాళ్ళు మగవాళ్ళతో ఉన్నా మొహం చిట్లించకూడదు, చేతిలో కండోమ్ పెట్టి మర్యాదగా మాట్లాడాలి అన్నారు. నేను మొహం చిట్లించడం లేదు. మర్యాదగానే రాస్తున్నాను. కానీ గాలివాన రోజున ముప్పై అన్నారు చూడండి, అది మాత్రం నాకు మింగుడు పడలేదు. ఆ రోజు ఇక్కడ మేమందరం పడవలు క్షేమంగా ఒడ్డు చేరాలని అన్నం మానేసి రేడియో ముందు కూర్చున్నాం.

అమ్మాయికి చెప్పమన్నారు. చెప్పలేదు. అది సంతోషిస్తుందని నాకు అనిపించలేదు.

ఒకే ఒక్కటి అడుగుతున్నాను. సెప్టెంబరులో ఇల్లు చేరేముందు అక్కడి పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకుని రండి. దానికి బిడ్డని కనాలని ఉంది. దానికి ఇంకేదీ అంటకూడదు. నేను ఈ ఉద్యోగంలో చేరకపోయినా ఈ మాట అడిగేదాన్ని.

ఇట్లు,
ఆరోగ్య కేంద్రం తరఫున మీ అత్త


జూలై 19

అత్తగారికి,

మీ ఉత్తరం చదివి నా తల తిరిగింది. పదిహేనేళ్ళుగా సముద్రం మీద తిరగని తల.

ఎంత మాట రాశారండీ! ఆ ఉత్తరం సరంగు చూస్తాడేమోనని ఇంజను గదిలో కూర్చుని చదువుకున్నాను. ఆయన నా తండ్రి వయసువాడు!

మీకు తెలుసనుకున్నాను. మామగారు కూడా పడవ మనిషే కదా, ఈ సంగతులు మీకు వేరే చెప్పాలా అనుకుని వివరంగా రాయలేదు. అదే నా తప్పు. పడవ మీద ఉప్పునీళ్ళు తగలని వస్తువంటూ ఉండదు. అందుకని టార్చిలైటుకి ఒకటి తొడుగుతాం. ఫోనుకి ఒకటి తొడుగుతాం. తీయకుండానే మాట్లాడొచ్చు. అమ్మాయి ఈ మధ్య నా గొంతు మూత పెట్టిన బిందెలోంచి వస్తున్నట్టుందని అంటోంది కదా, కారణం అదే. వైర్లెస్ మైకుకి ఒకటి. బ్యాటరీ వైర్లు కలిసే చోట రెండు, వానరోజుల్లో నాలుగు. ఆ నాలుగు నావని రాసింది, ఇంజను నాది కాబట్టి. వంటవాడు అగ్గిపెట్టె వేసుకుంటాడు, బీడీకట్ట పట్టడం లేదని పెద్దది అడిగాడు. సరంగువి కట్టుడు పళ్ళు. కిందటేడు గాలివానలో ఒక సెట్టు సముద్రంలో పడిపోయింది. అప్పటినుంచి మబ్బు పడితే చాలు, పళ్ళు తీసి కవర్లో వేసి ముడేసి జేబులో పెట్టుకుంటాడు. ఇప్పుడు కవరుకి బదులు ఇవి. గాలివాన రోజున ముప్పై లెక్క అదండీ. టార్చీలు వెలిగాయి కాబట్టే ఒడ్డు చేరాం.

ఏడుగురిలో ఒక్కడంటే ఒక్కడు, మీరనుకున్న పనికి ఒక్కటంటే ఒక్కటి కూడా వాడలేదు. పుట్టబోయే నా బిడ్డ మీద ఒట్టు.

ఇక పరీక్ష సంగతి. మీరు నా మీద అనుమానంతో అడిగారు. కాబట్టి నేను చేయించుకోను. ఆ షీల్డు కూడా మాకు అక్కర్లేదు.

అవమానంతో,
అల్లుడు


జూలై 25

అల్లుడూ,

నన్ను తిట్టుకున్నది చాలు. నీ ఉత్తరం కేంద్రంలోనే విప్పాను. పళ్ళ సెట్టు దగ్గరికి వచ్చేసరికి కడుపుబ్బ నవ్వాను. రికార్డులు రాసే ఆవిడ పరిగెత్తుకొచ్చి నీళ్ళిచ్చింది. మీ మామగారి కాలంలో ఫోన్లు లేవు, టార్చికి ప్లాస్టిక్ కవరు చుట్టేవాళ్ళు. నాకెలా తెలుస్తుంది చెప్పు. నీ మీద, పాపం ఆ పెద్దాయన మీద ఎన్నెన్ని ఊహించుకున్నానో తలుచుకుంటే నాకే సిగ్గేస్తోంది. నన్ను క్షమించు.

మేడమ్‌తో చెప్పాను. చెప్పకుండా ఎలా, ఉద్యోగం కదా. ఆవిడ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత రిపోర్టులో మీ పడవ కొట్టేసి, షీల్డు రెండో స్థానంలో ఉన్న పడవకి ఇచ్చింది. వాళ్ళు దేనికి వాడారో కనుక్కోమంటారా అన్నాను. వద్దంది.

నవ్వడం అయ్యాక మధ్యాహ్నం అన్నం తింటూ నీ ఉత్తరం మళ్ళీ చదివాను. అప్పుడు నవ్వు రాలేదు.

ఒక్కటి కూడా ఆ పనికి వాడలేదని బిడ్డ మీద ఒట్టేశావు. మంచిది, నమ్మాను. ఫిబ్రవరి నుంచి పడవ ఎన్నిసార్లు ఒడ్డుకొచ్చింది? పది పన్నెండుసార్లు వచ్చి ఉంటుంది. అన్నిసార్లూ మీరు ఏడుగురూ పడవలోనే కూర్చుని టార్చీలు తుడుచుకున్నారా? కూర్చుంటే సంతోషం. నేను దిష్టి తీస్తాను. కూర్చోకపోతే మాత్రం విను. నాలుగు పెట్టెలు వచ్చాయి. ఉన్నవన్నీ సామానుకి తొడిగి, మనుషులు ఊరికే వెళ్ళారన్నమాట. టార్చిలైటుకి ఉన్నపాటి రక్షణ నీకు లేకపోయింది.

ఎవరెవరు వెళ్ళారని అడగను. నువ్వు వెళ్ళావా అని కూడా అడగను. అల్లుణ్ణి అత్త అడిగే ప్రశ్న కాదు, అడిగినా నువ్వు నిజం చెప్పవు. పరీక్ష చేయించుకో. వేలి మీద చిన్న పోటు, అంతే. గాలం ముల్లు గుచ్చుకున్నంత కూడా ఉండదు. నాకు అమ్మాయి ముఖ్యం. నీకు కోపం వస్తే రానీ, పరీక్ష చేయించుకుని కోపంగానే ఉండు.

టార్చిలైట్ల కోసం మంచి మందం ప్లాస్టిక్ కవర్లు ఒక కట్ట వేరే పంపుతున్నాను. వాటికివి, మీకవి. కలపకండి.

అత్త


ఆగస్టు 13

అత్తగారికి,

జవాబు ఆలస్యమైంది. ఇంజను గేరుబాక్సు చెడిపోయింది. కొత్త పళ్ళచక్రం తెప్పించడానికి తొమ్మిది రోజులు పట్టింది. తెచ్చింది సరిపోలేదు, మళ్ళీ తెప్పించారు. ఈలోగా నేను డీజిలు ఫిల్టరు కూడా విప్పి కడిగాను. పంపు బిగించాను. ఇప్పుడు ఇంజను బాగుంది. చప్పుడు కూడా తగ్గింది. గాలి పడమటనుంచి ఉంది. కవర్లు అందాయి, బాగున్నాయి.

ఇక ఇంజను గురించి రాయడానికి ఏమీ మిగల్లేదు.

మా వంటవాడికి రెండు నెలలుగా జ్వరం, దగ్గు. మనిషి సగమైపోయాడు. పెద్ద సైజు అడిగాడని రాశానే, ఆ మనిషే. పోయిన వారం సరంగు అతణ్ణి ఒడ్డున దింపేశాడు. అది ఆ జబ్బే అని పడవంతా గుసగుసలు. అతని కంచం, గ్లాసు, చాప సముద్రంలో విసిరేశారు. విసిరినవాళ్ళలో నేనూ ఉన్నాను. గ్లాసు నేనే విసిరాను. ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో ఒక మూల పడుకుని ఉంటున్నాడు. దాటి వెళ్ళేటప్పుడు నన్ను చూసి చెయ్యి ఊపుతాడు. నేను అటు తిరిగి వెళ్ళిపోతాను.

అత్తగారూ, అడగనన్నారు. అయినా చెబుతున్నాను. పడవలో కూర్చోలేదు. ఈ రేవుకి వచ్చాకే, అంతకుముందు ఎన్నడూ లేదు. మూడుసార్లు. ఆఖరిసారి మే నెల మొదట్లో. అందరూ వెళుతుంటే వెళ్ళాను. రానంటే ఆడంగివాడంటారు. ఏ మొహం పెట్టుకుని మీకు రాస్తున్నానో నాకే తెలియదు. కానీ ఇంకెవరికి రాయను.

పరీక్ష చేయించుకోను. ఉందని తెలిస్తే ఏం చెయ్యాలి? ఆ జబ్బున్నవాడు బతికున్నట్టా చచ్చినట్టా? వాడి చేతి నీళ్ళు ఎవరు తాగుతారు? వాడితో కలిసి ఎవరు భోంచేస్తారు? నేను సెప్టెంబరులో రాను. సరకు ఓడలో పని దొరికి దూరం వెళ్ళిపోయానని అమ్మాయికి చెప్పండి. కొన్నాళ్ళకి మరిచిపోతుంది.

అల్లుడు అనిపించుకోదగని వాడు


ఆగస్టు 17

అల్లుడూ,

చేతి నీళ్ళు ఎవరు తాగుతారని అడిగావు. నువ్వు తాగావు. నాలుగేళ్ళుగా తాగుతున్నావు. పెళ్ళిచూపులకి వచ్చిన రోజున రెండు గ్లాసులు తాగావు, ఎండగా ఉందని. నా పక్కన కూర్చుని, నా కంచంలోంచి చేపముక్క లాక్కుని కూడా తిన్నావు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది, మంచి ముక్క.

నాకు హెచ్‌ఐవి ఉంది. పంతొమ్మిదేళ్ళయింది.

మీ మామగారు జ్వరంతో పోయారని నీకు చెప్పాం. జ్వరం నిజమే, దాని వెనకున్నది చెప్పలేదు. ఆయన పోయిన నెలకి నాకు పరీక్ష చేశారు. అప్పటికి అమ్మాయికి ఏడేళ్ళు. దాన్నీ తీసుకెళ్ళి చేయించాను. దానికి లేదు. నిజంగా ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, నా గురించి కాదు. అప్పటినుంచి రోజూ సాయంత్రం మాత్ర వేసుకుంటున్నాను. బీపీ మాత్రని అమ్మాయికి చెప్పాను. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా మానలేదు. ఇప్పుడు పరీక్ష చేస్తే నా రక్తంలో ఆ పురుగు కనిపించనంత తక్కువగా ఉందంటారు. అంత తక్కువగా ఉంటే ఇంకొకరికి అంటదు కూడా. నేను చచ్చానా? నిన్న మా మేడమ్‌తో పోట్లాడి కుర్చీ తెప్పించుకున్నాను.

ఈ సంగతి నా నోటితో ఎవరికీ చెప్పలేదు. మొట్టమొదట నీకే చెబుతున్నాను, అదీ నువ్వు ఓడెక్కి పారిపోతానన్నావు కాబట్టి. ఇప్పుడు నీ రహస్యం నా దగ్గర, నా రహస్యం నీ దగ్గర ఉన్నాయి. సరిపోయింది.

పనులు చెబుతున్నాను, వరసగా చెయ్యి. ఆ వంటవాడి దగ్గరికి వెళ్ళు. పక్కన కూర్చో. కంచాల వల్ల, గ్లాసుల వల్ల, చాపల వల్ల రాదు. ఆ గ్లాసు విసిరినందుకు కొత్తది కొనిచ్చి, అందులో నువ్వు ముందు తాగి అతనికివ్వు. ఆటో పిలిచి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు. అంత దగ్గుతో షెడ్డులో పడుకున్నాడంటే నాకు అది క్షయేమోనని అనుమానంగా ఉంది. దానికీ మందుంది, కాకపోతే నువ్వు మాస్కు పెట్టుకో. అతనికి పరీక్ష చేసేటప్పుడు నీ వేలు కూడా చాచు. ఆఖరిసారి మే అన్నావు కదా, మూడు నెలలు దాటింది. వచ్చే జవాబు గట్టి జవాబే.

లేదంటే మంచిది. ఉందంటే మాత్ర వేసుకుంటావు. మాత్రలు పనిచేసి డాక్టరు సరేనన్నాక అమ్మాయికి అంటకుండా బిడ్డని కూడా కనొచ్చు. మా కేంద్రంలో అలా కన్నవాళ్ళు ఇద్దరున్నారు, ఒకావిడ కవలల్ని కని మమ్మల్ని పీక్కు తింటోంది.

నీ మీద నాకు కోపం లేదనుకోకు. చాలా ఉంది. నువ్వు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. కోపం తర్వాత చూద్దాం. ముందు ఆసుపత్రి.

అత్త


సెప్టెంబరు 2

అత్తా,

"గారు" తీసేశాను. తప్పయితే చెప్పండి.

వంటవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. షెడ్డులో నన్ను చూసి, "ఏరా, దారి తప్పావా?" అన్నాడు. గ్లాసు ఇచ్చాను. నేను ముందు తాగి ఇచ్చాను. అతను గ్లాసు వైపు చూసి, "ఇది నా గ్లాసు కంటే చిన్నది" అన్నాడు. ఆటోలో నా భుజం మీద తల పెట్టి పడుకున్నాడు.

మీరన్నట్టే క్షయ. ఆరు నెలల మందు. మంచం ఇచ్చారు, ఆసుపత్రి కూరలో ఉప్పు లేదని అప్పుడే వాళ్ళని తిడుతున్నాడు. రెండో పరీక్ష కూడా చేశారు. అతనికి హెచ్‌ఐవి లేదు. అతను సందు వైపు ఎప్పుడూ వెళ్ళేవాడు కాదట. అందరూ వెళ్ళాక పడవలో గిన్నెలు తోముకుంటూ ఉండేవాడట. అతని కంచమే మేము సముద్రంలో వేసింది.

నాకుంది.

మొదటిసారి పరీక్ష పట్టీ మీద గీత కనిపిస్తే, తప్పయి ఉంటుందేమో అన్నాను. ఇంకో రెండు రకాల పరీక్షలు చేశారు. మూడూ అదే చెప్పాయి. అక్కడ మాట్లాడే ఆవిడ కుర్చీ లాగి కూర్చోమంది. ఆవిడ చెప్పినవన్నీ మీ ఉత్తరంలో ముందే ఉన్నాయి. నేను తల ఊపుతూ ఉంటే, మీకు ఇదంతా ఎవరు చెప్పారంది. మా అత్త అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి నన్ను చూసింది. మాత్రలు మొదలుపెట్టి అయిదు రోజులయింది. కలలు పిచ్చిపిచ్చిగా వస్తున్నాయి, ఇంకేం లేదు.

సరంగుకి చెప్పాను. ఎలాగూ తెలుస్తుందని. ఆయన నా కంచం వైపు చూశాడు. విసిరెయ్యండి అన్నాను. ఆయన వెళ్ళి మిగతా నలుగురినీ నిద్రలేపి, అందరూ చొక్కాలు వేసుకోండి, ఆసుపత్రికి పోతున్నాం అన్నాడు. తను కూడా వేలు చాచాడు. మిగతావాళ్ళవి ఏం వచ్చాయో నేను అడగలేదు.

అత్తా, సెప్టెంబరు వచ్చేసింది. ఇరవయ్యో తారీకున నేను ఇంటికి రావాలి. ఒక్క సాయం చెయ్యండి. అమ్మాయికి మీరు చెప్పండి. మీరు చెబితే వింటుంది. నా వల్ల కాదు. గాలివానలో పడవ తిప్పమంటే తిప్పుతాను. ఇది నా వల్ల కాదు.

మీ అల్లుడు


సెప్టెంబరు 9

అల్లుడూ,

గారు లేకపోయినా పర్వాలేదు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఎందుకు దాచడం. లేదని వస్తుందని నాలో నేను చాలా గట్టిగా అనుకున్నాను. ముక్కు తుడుచుకుని మళ్ళీ పనిలో కూర్చున్నాను. కొత్తగా వచ్చిన పడవకి పెట్టె ఇస్తూ, దేన్ని దేనికి వాడాలో మూడుసార్లు చెప్పాను. టార్చి చూపించి మరీ చెప్పాను.

ఆదివారం అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. నీ సంగతి చెప్పలేదు. నా సంగతి చెప్పాను. అది బట్టలు మడతపెడుతోంది. మడత ఆపలేదు. ఉన్నవన్నీ మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. తర్వాత, "ఏడేళ్ళప్పుడు జ్వరం సూది అని నన్ను తీసుకెళ్ళింది ఇందుకేనా?" అంది. అవునన్నాను. "పంతొమ్మిదేళ్ళు నా ఎదురుగా కూర్చుని అబద్ధం మింగావా?" అంది. మాత్ర మింగాను అన్నాను. అది నవ్వలేదు. అంత కోపం దాని మొహంలో ఎప్పుడూ చూడలేదు. నాకు జబ్బు ఉన్నందుకు కాదు, దాచినందుకు.

మర్నాడు సెలవు పెట్టి, తనకీ మళ్ళీ పరీక్ష చెయ్యమని కేంద్రానికి తనే వచ్చింది. చేశారు. లేదు. నువ్వు వెళ్ళి ఏడు నెలలయింది, కాబట్టి ఆ లేదు అన్నది నమ్మదగ్గదే. దాని ఎదుట నేను ఏడవలేదు, వెనక గదిలోకి వెళ్ళాను.

నువ్వడిగిన సాయం నేను చెయ్యను. ఎందుకో చెబుతాను. ఇది నేను అమ్మాయికి కూడా చెప్పలేదు.

మీ మామగారు పోయాక ఆయన పెట్టె సర్దుతుంటే ఆసుపత్రి చీటీ దొరికింది. తారీకు చూశాను. ఆయనకి రెండేళ్ళ ముందే తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు. చెడ్డవాడు కాదు. నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, కూతుర్ని నేలమీద నడవనివ్వలేదు. రోజూ చెబుదామనే అనుకుని ఉంటాడు. ఇవాళ కాదు, రేపు అనుకుని ఉంటాడు. ఆ రెండేళ్ళలోనే నాకు వచ్చింది. ఒక్క మాట చెప్పి ఉంటే వచ్చేది కాదు. అంతే సంగతి. ఇన్నేళ్ళూ ఆయన్ని తిట్టుకున్నది వేరే దేనికీ కాదు, ఆ ఒక్క మాట చెప్పనందుకు.

ఆ మాట మొగుడి నోటినుంచే రావాలి. నేను చెబితే, నువ్వు చెప్పినట్టు కాదు. అది నా కూతురు. నిన్ను లోపలికి రానిస్తుందో లేదో నేను చెప్పలేను. రానియ్యమని నేను అడగను, నీ వైపు ఒక్క మాట మాట్లాడను. అది తలుపు వేసేస్తే బస్సెక్కి నా దగ్గరికి రా. మంచం ఉంది. కానీ ముందు అక్కడికి వెళ్ళు. సంచి కింద పెట్టకముందే చెప్పు. పెట్టాక చెప్పలేవు.

అత్త


సెప్టెంబరు 22

అత్తకి,

చెప్పాను.

సంచి భుజానికి ఉండగానే, గుమ్మంలోనే చెప్పాను. ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చి స్వెట్టరు విప్పుతోంది. ఒక చెయ్యి విప్పి, రెండో చెయ్యి అలాగే ఉంచుకుని విన్నది. మూడుసార్లు అని చెప్పాను. ఆసుపత్రిలో ఏమన్నారో చెప్పాను. నిన్ను ముట్టుకోను, ఏం చేస్తావో నీ ఇష్టం అన్నాను. తను నన్ను కొట్టింది. ఒక చేతికి స్వెట్టరు వేలాడుతుంటే రెండో చేత్తో కొట్టింది. తర్వాత గోడ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. నేను సంచి దించలేదు.

ఏడుపు అయ్యాక, "ఇంకెవరికి తెలుసు?" అంది. మీ అమ్మకి అన్నాను, మీ అమ్మ సంగతి నాకూ తెలుసన్నాను. అంతవరకు ఎలాగో ఓర్చుకుంది గానీ, అప్పుడు మాత్రం కేకలు పెట్టింది. క్వార్టర్స్‌లో అందరూ బయటికి వచ్చారు. "మా అమ్మకి ముందు చెప్పావా? నా మొగుడి సంగతి మా అమ్మకి, మా అమ్మ సంగతి నా మొగుడికి తెలుసు. మీ ఇద్దరి సంగతీ తెలియనిది ఈ ఇంట్లో నాకొక్కదానికేనా?" అంది. మీ ఉత్తరాలన్నీ సంచిలోంచి తీసి ఇచ్చాను. మంచం మీద కూర్చుని మొదటినుంచీ చదివింది. పళ్ళ సెట్టేమిటని అడిగింది, సరంగు సంగతి చెబితే నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకే కోపం వచ్చి ఇంకాస్త ఏడ్చింది. ఆఖరి ఉత్తరం రెండుసార్లు చదివి, "నాన్న గురించి నాకు చెప్పాల్సింది" అంది. నాతో కాదు, కాగితంతో అంది.

రెండు రోజులుగా నేను వరండాలో చాప వేసుకుని పడుకుంటున్నాను. రేపు డాక్టరు దగ్గరికి తనూ వస్తానంది. ప్రశ్నలు కాగితం మీద రాసుకుంది. పదకొండు ఉన్నాయి. బిడ్డ గురించినది ఏడోది.

నన్ను క్షమించలేదు. అది కూడా రాయమంది. రాశాను. మిమ్మల్ని కూడా ఇంకా క్షమించలేదట, అదీ రాయమంది. ఆదివారం మాత్రం ఎప్పటిలాగే రమ్మంది.

ఇకమీదట ఏ సంగతైనా ముందు తనకి తెలియాలట. మీరూ నేనూ ఉత్తరాలు రాసుకోవడానికి వీల్లేదంది. అందుకని ఇదే ఆఖరిది. ఇది తను మొత్తం చదివింది, ఒకచోట అక్షరం దిద్దింది. కవరు తనే అంటిస్తానని పక్కన నిలబడింది.

అల్లుడు